పిడి ఉన్న పెట్టె

హాల్లో సోఫా మీద మనిషి చచ్చిపోయి ఉన్నాడు. గుమ్మం దగ్గర పక్కింటావిడ ఫోన్ పైకెత్తి వీడియో తీస్తోంది.

ఇన్‌స్పెక్టర్ ముందు ఆ ఫోన్ లాక్కుంది. తర్వాతే లోపలికి అడుగు పెట్టింది.

"అయ్యో మేడమ్, మా చెల్లెలికి పంపిద్దామనీ..."

"మీ చెల్లెలేమన్నా పోస్ట్‌మార్టం డాక్టరా?"

పక్కింటావిడ నోరు మూసింది. కళ్లు మాత్రం మూయలేదు. మెడ సాచి సాచి చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం రెండు నలభై. బయట ఎండ మండిపోతోంది. హాల్లో కర్టెన్లన్నీ దించి ఉన్నాయి. ఏసీ ఎముకలు కొరికే చలి పోస్తోంది. అంత చలిలోనూ ఒక వాసన. మురిగిన కాఫీ, చెమట, వేడెక్కిన ప్లాస్టిక్ కలిసిన కంపు. ఇన్‌స్పెక్టర్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఆమె రక్తం చూసి ఎప్పుడూ మొహం తిప్పుకోలేదు. మనుషుల్ని చూసి తిప్పుకున్న రోజులు మాత్రం చాలా ఉన్నాయి.

చనిపోయినతనికి నలభై ఏళ్ల లోపే ఉంటాయి. చిన్న సైజు కంప్యూటర్లు కట్టడం అతని పని. వీధిలో అందరూ 'పెట్టెలాయన' అనే పిలుస్తారు. మెడ దాకా దుప్పటి కప్పి ఉంది. పక్కన నేల మీద ఒక కుషన్. దాని మధ్యలో తడి ఆరిన మరక. వెంట వచ్చిన పోలీసు డాక్టర్ ఆ మరకనీ, మనిషి పెదవుల్నీ మార్చి మార్చి చూశాడు.

"నిద్రలో ఉండగా కుషన్‌తో నొక్కారు. ఊపిరాడలేదు."

"ఎప్పుడు?"

"పదింటికీ రెండింటికీ మధ్య. గదిని ఐస్‌పెట్టె చేసి పెట్టారు. అంతకంటే కచ్చితంగా చెప్పలేను."

సోఫాకి ఎదురుగా గోడ మీద పెద్ద టీవీ. టీవీ కింద అరలో ఒక నల్లటి పెట్టె. చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్దది. పైన పట్టుకోవడానికి తోలు పిడి. పక్కల జల్లెడలా సన్నటి రంధ్రాలు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. టీవీ తెర వెలిగే ఉంది. నీలం రంగు మీద రెండే మాటలు. 'సిగ్నల్ లేదు.'

"ఇదేంటి?" అంది ఇన్‌స్పెక్టర్.

హెడ్ కానిస్టేబుల్ వంగి చూశాడు. "గేమింగ్ కంప్యూటర్ మేడమ్. మా అల్లుడి దగ్గరున్నది బీరువా అంత ఉంటుంది. ఇది చూడండి, సంచిలో వేసుకుని బస్సెక్కేయొచ్చు. ముచ్చటగా ఉంది."

"ఆన్‌లోనే ఉంది కదా. టీవీలో ఏమీ రావట్లేదేం?"

"నిద్రపోయుంటుంది మేడమ్. వాడకపోతే వాటంతట అవే పడుకుంటాయి. లేపుతానుండండి."

గ్లవ్స్ వేసుకున్న చేత్తో కీబోర్డు నొక్కాడు. మౌస్ కదిపాడు. మళ్లీ నొక్కాడు. టీవీ ఉలకలేదు, పలకలేదు.

"మొండి నిద్ర మేడమ్."

ఇన్‌స్పెక్టర్ పెట్టెని ముందు నుంచీ వెనక నుంచీ ఫొటోలు తీయించి తన ఫోన్‌లో వేయించుకుంది.

వరండాలో ఏడుపులు. పెట్టెలాయన భార్య కుర్చీలో కొయ్యబారి కూర్చుంది. ఏడుస్తున్నది ఆమె కాదు. ఆమె తమ్ముడు. పాతికేళ్లుంటాయి. అక్క భుజం మీద తలపెట్టి 'బావా, బావా' అంటూ ఒకటే శోకాలు. ఖాళీ బ్యాగు ఒకటి ఇంకా భుజాన వేలాడుతూనే ఉంది. తీసి పక్కన పెట్టే ధ్యాస కూడా లేదు పాపం అనుకున్నారు చూసినవాళ్లు. ముందు చూసింది అతనే. పోలీసులకి ఫోన్ చేసిందీ అతనే.

"ఎన్నింటికొచ్చావు?"

"రెండింటికి మేడమ్. పొద్దున్న పదిన్నర నుంచీ గేమింగ్ పార్లర్‌లో ఉన్నాను. ఇవాళ అక్కడ డెమో ఉంది. ఒకటిన్నరకి బయల్దేరి ఇటొచ్చాను."

"వచ్చి?"

"హాల్లోంచే లోపలికెళ్లాను. బావ పడుకున్నాడని చప్పుడు చేయలేదు. కాసేపు వంటింట్లో అక్క దగ్గర కూర్చున్నాను. తర్వాత లేపుదామని వెళ్తే... ఒళ్లు చల్లగా..."

"పెట్టె ఆన్‌లోనే ఉందా?"

"ఉంది మేడమ్. ఆడుతూ ఆడుతూనే పోయాడు మా బావ!"

మళ్లీ శోకాలు. ముక్కు చీది ఆ చెయ్యి అక్క కుర్చీకే తుడిచాడు. ఇన్‌స్పెక్టర్ చూపు పక్కకి తిప్పుకుంది.

తర్వాత ఇల్లాలి వంతు.

"మీరెన్నింటికొచ్చారమ్మా?"

"ఒంటిగంటకి. కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. ఇవాళ ఒక్కపూటే."

"అప్పుడు మీ ఆయన ఏం చేస్తున్నారు?"

"పడుకునున్నారు."

"దగ్గరికెళ్లి చూశారా?"

"గుమ్మంలోంచి చూశాను. దుప్పటి కప్పుకుని ఉన్నారు. రాత్రంతా పనిచేసుకుని పగలు పడుకుంటారండీ. లేపితే కసురుకుంటారు. నేను నేరుగా వంటింట్లోకెళ్లిపోయాను."

"టీవీలో ఆట నడుస్తోందా?"

"లేదండీ. అంతా చీకటిగా ఉంది."

"పెట్టె?"

"చూడలేదు. ఆ పెట్టె మొహం చూడ్డమే మానేశాను నేను."

ఆ మాట వినడానికే పుట్టినట్టు పక్కింటావిడ ముందుకొచ్చేసింది. "మొన్న చూడాలి మేడమ్! 'ఈ ఇంట్లో ఆ పెట్టెనైనా ఉంచండి, నన్నైనా ఉంచండి' అని ఈవిడ అరుపులు మా బెడ్‌రూమ్‌దాకా వినిపించాయి. నేను చెవులు మూసుకున్నాను."

"మూసుకుంటే ఇంత బాగా ఎలా వినిపించింది?"

ఇల్లాలు తల దించుకుంది. "పాప కాల్లో స్క్రూ గుచ్చుకుంది మేడమ్. హాలంతా స్క్రూలే. అందుకు అరిచాను. పాపతో కలిసి ఆడుకోడానికే ఆ పెట్టె కట్టారు. పాపకే గుచ్చుకుంది."

అంతలో చనిపోయినతని ఫోన్ మోగింది. తెర మీద పేరు, 'గుడ్లగూబ'. ఇన్‌స్పెక్టర్ స్పీకర్ ఆన్ చేసింది.

"ఏంటన్నా, మ్యాచ్ మధ్యలో వదిలేసి పోయావ్! ఇవాళ ఏమైంది నీకసలు?" ఒక కుర్ర గొంతు.

"పోలీస్. ఆయన చనిపోయారు. మీరెవరు?"

"మేం... మేం అయిదుగురం రోజూ కలిసి ఆడతాం మేడమ్. ఆన్‌లైన్‌లో."

"ఇవాళ ఆయన ఆడారా?"

"ఆడాడు మేడమ్. పదకొండు నుంచి ఒకటీ ఇరవైదాకా మాతోనే ఉన్నాడు. మైకు పెట్టుకోలేదు. ఏం మాట్లాడలేదు. చాలా చెత్తగా ఆడాడు."

"ఒకటీ ఇరవై. కచ్చితంగానా?"

"కచ్చితంగా మేడమ్. టైమ్ మా స్క్రీన్ మీదే ఉంది." ఆగాడు. "మేడమ్... అయితే రేపటి మ్యాచ్‌కి మేం నలుగురమేనా? ఫైనల్ మేడమ్ అది."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ కట్టేసింది. ఎంగిలి ముట్టుకున్నట్టు చెయ్యి రుమాలుకి తుడుచుకుంది.

హెడ్ కానిస్టేబుల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "దొరికిపోయింది మేడమ్. ఒంటిగంటకే నిద్రపోతున్నాడంటుంది. ఒకటీ ఇరవైదాకా అతను ఆడుతూనే ఉన్నాడు. ఒంటిగంట నుంచీ ఇంట్లో ఉన్నది ఈవిడొక్కతే. తమ్ముడేమో అప్పుడు పార్లర్‌లో. ఫోన్ చేసి కనుక్కున్నాను, ఇరవైమంది చూశారట. ఇంకేం కావాలి?"

ఇంకేమీ అక్కర్లేదు. లెక్క సరిపోయింది. అంత తేలిగ్గా సరిపోయిన లెక్కంటే ఇన్‌స్పెక్టర్‌కి ఎప్పుడూ గిట్టదు. అయినా వదిలేయడానికి కారణమేదీ కనబడలేదు.

"స్టేషన్‌కి రావాలమ్మా," అంది ఇల్లాలితో.

ఆమె లేచి నిలబడింది. వాదించలేదు. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"పాపకి ఆరేళ్లు మేడమ్. ఇంకాసేపట్లో స్కూలు నుంచొస్తుంది. మావైపు, ఆయనవైపు పెద్దవాళ్లెవరూ లేరు. నాకేమైనా అయితే పాపని మా తమ్ముడికి అప్పగించండి. ఇంకెవరికీ ఇవ్వొద్దు. వీడైతే కడుపులో పెట్టుకుని చూసుకుంటాడు."

"చూసుకుంటానక్కా! నా కన్నకూతురనుకుంటా!" అన్నాడు తమ్ముడు. అక్క కాళ్లకి చుట్టుకుపోయాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

ఆ మాటకి పక్కింటావిడ కూడా కళ్లొత్తుకుంది. ఆ వెంటనే తన ఫోన్ ఎప్పుడిస్తారని అడిగింది.

సాయంత్రం అయిదింటికి హెడ్ కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టర్ తనే గేమింగ్ పార్లర్‌కి వెళ్లింది. ఫోన్‌లో చెప్పింది ఒకసారి కళ్లతో చూసుకోవడం ఆమె అలవాటు. ఇంకో కారణం కూడా ఉంది. నిద్ర లేవని ఆ పెట్టె ఆమెని వదలట్లేదు. నిద్రపోతున్నదాని ఫ్యాన్లు అంతలా తిరుగుతాయా?

పార్లర్ అంటే ఏదో అనుకుంది. తలుపు తీయగానే విప్పిన సాక్సుల కంపు గుప్పుమంది. నేల మీద ఒలికిపోయిన కూల్‌డ్రింకులు ఎండి జిగురయ్యాయి. అడుగు వేస్తే బూటు అతుక్కుంటోంది. ముప్పై మంది చీకట్లో తెరలకి మొహాలు అతికించుకుని కూర్చున్నారు. యూనిఫామ్ లోపలికొస్తే ఒక్కడూ తలెత్తలేదు.

ఓనర్ మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని ఉన్నాడు. సెంటు వల్ల కంపు ఇంకా పెరిగింది.

"అవును మేడమ్. పదిన్నర నుంచి ఒకటిన్నరదాకా ఇక్కడే. ఆ చివరి టేబుల్. కదల్లేదు. ఎంతమందిని కావాలంటే అంతమందిని అడగండి."

"ఏం చేశాడు?"

"ఆడాడు మేడమ్. ఇక్కడికెవరైనా అందుకేగా వస్తారు!"

ఓనర్ నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. గోడ మీద ఎర్ర అక్షరాల బోర్డు చూస్తోంది. 'కస్టమర్లు కేబుళ్లు ముట్టుకోరాదు. మావాళ్లే పెడతారు.'

"ఎందుకీ రూలు?"

"ఎవరికి వాళ్లు పెట్టేసుకుంటే మా ప్రాణం తీస్తారు మేడమ్. తెరకి వెళ్లే కేబుల్ ఉంటుంది కదా, అది పట్టే సాకెట్లు కంప్యూటర్ వెనక రెండు చోట్ల ఉంటాయి. ఒకటి మదర్‌బోర్డుది. ఇంకొకటి గ్రాఫిక్స్ కార్డుది. గేమ్ బొమ్మంతా వచ్చేది కార్డులోంచి. కొత్తవాళ్లకి అది తెలీదు. ముందు కనబడిన కన్నంలో గుచ్చేసి, బొమ్మ రావట్లేదు, మీ తెర పాడైందీ అని గొడవ. ఆడ్డం వచ్చినవాళ్లకి కట్టడం రాదు మేడమ్. కట్టినవాడు మాత్రం కళ్లు మూసుకున్నా ఈ తప్పు చేయడు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసింది. పెట్టె వెనక భాగం ఫొటో పెద్దది చేసి ముందు పెట్టింది.

"ఇందులో కేబుల్ ఎక్కడుంది?"

ఓనర్ కళ్లు చికిలించాడు. పకాలున నవ్వాడు. "ఇదిగో, నేను చెప్పింది ఇదే! మదర్‌బోర్డు సాకెట్లో పెట్టారు. ఇలా పెడితే..."

సగంలో ఆగిపోయాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ముందు వైపు ఫొటో కూడా చూశాడు. పైనున్న తోలు పిడిని వేలితో పెద్దది చేసి చూశాడు. నవ్వు పోయింది.

"మేడమ్, ఈ పెట్టె..." అని ఒక మాట చెప్పాడు.

హెడ్ కానిస్టేబుల్ నోరు తెరిచాడు. మూయడం మర్చిపోయాడు.

"ఇవాళ తీసిన ఫొటోలున్నాయా?" అని మాత్రం అడిగింది ఇన్‌స్పెక్టర్.

"బోలెడున్నాయి మేడమ్."

బయటికొచ్చాక ఆమె బూట్లు చాలాసేపు మెట్టుకి రుద్దుకుంది. జిగురు పోయింది. లోపలి వెగటు పోలేదు.

మర్నాడు పొద్దున్న పదింటికి అందరినీ ఆ హాల్లోకే పిలిపించింది. ముందు కర్టెన్లు లాగించింది. ఏసీ ఆపించింది. వెలుగు పడేసరికి మూలల్లో దుమ్ము, సోఫా కింద కాఫీ కప్పులు, ఎక్కడివక్కడ స్క్రూలు కనిపించాయి.

ఇల్లాలిని లేడీ కానిస్టేబుల్ తీసుకొచ్చింది. రాత్రంతా నిద్ర లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. పార్లర్ ఓనర్ సెంటుతో సహా హాజరయ్యాడు. తమ్ముడు చివర్లో వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. చొక్కా మార్చాడు.

"పాప ఏదిరా?" అంది అక్క.

"స్కూల్లో వదిలొచ్చానక్కా. నువ్వేం బెంగపెట్టుకోకు. నేనున్నాగా."

ఇన్‌స్పెక్టర్ టీవీ కింద పెట్టె చూపించింది. "ఈ పెట్టె కట్టిందెవరు?"

"బావా, నేనూ మేడమ్. కలిసి."

"ఇంత చిన్న డబ్బాలో ఇవన్నీ ఇరికించాలంటే కష్టమే కదా?"

"చాలా కష్టం మేడమ్!" తమ్ముడి మొహంలోకి వెలుగొచ్చింది. "ప్రతిదీ కొలిచి పెట్టాలి. వేడి బయటికి పోవాలి. కార్డుని తిప్పి మదర్‌బోర్డు వెనక్కి తేవాలి."

"మదర్‌బోర్డు ఎవరు బిగించారు?"

"నేనే."

"గ్రాఫిక్స్ కార్డు?"

"అదీ నేనే."

"మీ బావ?"

"బావ... పక్కనుండేవాడు. స్క్రూలూ అవీ అందించేవాడు."

ఇల్లాలు తలెత్తి తమ్ముణ్ని చూసింది.

"డిజైన్ మొత్తం ఇతనిదే మేడమ్," అన్నాడు ఓనర్. "ఆరు నెలల్నుంచీ చెప్తున్నాడు. హాల్లో టీవీ కింద పెట్టుకుని, కావాలంటే పిడి పట్టుకుని ఇంకో చోటికి తీసుకెళ్లే పెట్టె. వీటిని వందల్లో చేయించి ఇతని పేరుతోనే అమ్ముదామనుకున్నాం. మేమందరం 'ఇంజినీర్' అనే పిలుస్తాం."

"మంచిది. ఇంజినీర్ గారూ, ఆ పెట్టె ఇప్పుడు ఆపేసి ఉంది. కేబుళ్లు పీకించాను. వేలిముద్రల పని అయిపోయింది, ముట్టుకోవచ్చు. టీవీకి కలిపి బొమ్మ తెప్పించండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

తమ్ముడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెట్టె తిప్పుకున్నాడు. కరెంటు వైరు పెట్టాడు. టీవీ కేబుల్ చేతిలోకి తీసుకున్నాడు. వెనకంతా ఒకసారి చూశాడు. పైనున్న సాకెట్లో నొక్కాడు. బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. రిమోట్‌తో టీవీ ఆన్ చేసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

టీవీ నిదానంగా వెలిగింది. నీలం తెర. 'సిగ్నల్ లేదు.'

అందరూ చూశారు. ఓనర్ మొహం అందరికంటే ముందు వాడిపోయింది.

"టీవీ పాడైందేమో మేడమ్," అన్నాడు తమ్ముడు.

"టీవీ బాగానే ఉంది." ఇన్‌స్పెక్టర్ వంగి, కేబుల్ పీకి, కింది సాకెట్లో పెట్టింది. తెర నిండా రంగులొచ్చాయి. గేమ్ పేరు, దాని కింద పెట్టెలాయన పెట్టుకున్న పేరు. "నేను నిన్న సాయంత్రం నేర్చుకున్నాను. నువ్వు ఆరు నెలలైనా నేర్చుకోలేదు. నువ్విప్పుడు పెట్టింది మదర్‌బోర్డు సాకెట్. దాన్లోంచి ఈ పెట్టెకి బొమ్మే రాదు. నిన్న మేమొచ్చినప్పుడు కేబుల్ అక్కడే ఉంది."

తమ్ముడు పెదవులు తడుపుకున్నాడు.

"ఇప్పుడు ఆలోచించు. కేబుల్ అక్కడుంటే నిన్న ఈ టీవీలో ఎవరూ ఏ ఆటా ఆడలేదు. పెట్టెలాయన అలా పెట్టడు, తన చేత్తో కట్టినవాడు కాబట్టి. కానీ ఆయన పేరుతో ఒకటీ ఇరవైదాకా ఎవరో ఆడారు. ఇక్కడ కాకపోతే ఎక్కడ? ఈ పెట్టె ఎక్కడుంటే అక్కడ. దీనికి పిడి ఉంది. బ్యాగులో పడుతుంది. నిన్న నీ భుజాన ఖాళీ బ్యాగు చూశాను నేను. ఖాళీ బ్యాగు మోసుకుని డెమోకి ఎవరెళ్తారు?"

"మేడమ్, నేను పార్లర్‌లో ఉన్నాను! ఇరవైమంది..."

"ఆ ఇరవైమందీ నిన్ను చూశారు. నీ ముందున్న పెట్టెనీ చూశారు. మావాళ్లు నీ గురించే అడిగారు, పెట్టె గురించి అడగలేదు. అది మా బుద్ధితక్కువ." ఓనర్ వైపు తిరిగింది. "చెప్పండి."

ఓనర్ ఫోన్‌లో ఫొటో చూపించాడు. టేబుల్ మీద నల్ల పెట్టె. దాని వెనక పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న తమ్ముడు. "నిన్న డెమోకి తెచ్చింది ఇదే మేడమ్. కేబుల్ నేనే పెట్టాను. కస్టమర్లని ముట్టుకోనివ్వం కదా."

ఇల్లాలు ఆ ఫోన్ అందుకుంది. "ఈ పిడి నా పాత హ్యాండ్‌బ్యాగుది," అంది మెల్లగా. "తెగిపోతే ఆయనే కోసి దీనికి కుట్టారు."

"బావే ఇచ్చాడు!" తమ్ముడు అరిచాడు. "పొద్దున్న బావే ఇచ్చాడు. తీసుకెళ్లరా అన్నాడు! వచ్చేటప్పుడు తెచ్చి పెట్టేశాను. అందులో తప్పేముంది?"

"తప్పేమీ లేదు. మరి నిన్న నాతో 'ఆడుతూ ఆడుతూనే పోయాడు మా బావ' అన్నావెందుకు?"

తమ్ముడు ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీ అక్క 'నేనొచ్చేసరికే పడుకున్నారు' అని ఎంత చెప్పినా మేం నమ్మలేదు. ఆ ఆట వల్లే నమ్మలేదు. అది ఆడింది నువ్వు. 'ఆడింది నేనే మేడమ్' అని ఒక్క ముక్క అంటే ఆమె రాత్రి ఇంట్లో ఉండేది. ఎందుకనలేదు?"

తమ్ముడు గుమ్మం వైపు చూశాడు.

"నేను చెప్పనా? పెట్టెలో బావ పేరు తెరిచే ఉంది. నువ్వు ఆలోచించకుండా ఆ పేరుతోనే ఆడేశావు. అవతల కుర్రాళ్లు బావే అనుకున్నారు. అది నీ తెలివి కాదు. గుడ్డి అదృష్టం. పెట్టె కనబడకపోతే ముందు నిన్నే అడుగుతారని తెచ్చి అరలో పెట్టావు. కంగారులో దొరికిన కన్నంలో కేబుల్ గుచ్చి, బావ ఆడుతూ పోయినట్టుండాలని ఆన్ చేశావు. టీవీ వెలిగేలోపే లోపలికెళ్లిపోయావు. తర్వాత ఒకటీ ఇరవై మాట వినగానే నీ మెడ మీదున్న కత్తి మీ అక్క మెడ మీదికి జరిగిందని అర్థమైంది. కదలకుండా కూర్చున్నావు. కాదు, కూర్చోలేదు. ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చావు."

హెడ్ కానిస్టేబుల్ 'థూ' అన్నాడు. డ్యూటీలో అనకూడదు. ఇన్‌స్పెక్టర్ వినబడనట్టే ఉంది.

తమ్ముడు సోఫా అంచున కూలబడ్డాడు. బావ పడుకున్న చోటేనని తట్టి, మళ్లీ ఉలిక్కిపడి లేచాడు.

"నవ్వాడు మేడమ్," అన్నాడు చివరికి. "డెమోకి ఒక్కపూట ఇవ్వు బావా అన్నాను. అందరికీ నేనే కట్టానని చెప్పుకున్నాను, పరువు పోతుందన్నాను. పడుకునే నవ్వాడు. 'స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో చెప్పు, పెట్టె నీదే' అన్నాడు. నేను... ఎడమకి అన్నాను. ఇంకా నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. పక్కనే కుషన్ ఉంది."

"తర్వాత దుప్పటి కప్పావు."

"కప్పాను."

"పెట్టె బ్యాగులో వేసుకున్నావు. డెమోకి టైమైపోతోందని."

తమ్ముడు తలూపాడు.

ఓనర్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, చిన్న సందేహం. అంటే ఇప్పుడీ డిజైను ఎవరి పేరు మీదున్నట్టు? ఈవిడతో మాట్లాడుకోవచ్చా? ఇవాళ కాదనుకోండి, ఓ వారం ఆగి..."

శవం మీద పేలాలేరుకోవడం అనే మాట ఇన్‌స్పెక్టర్ చిన్నప్పట్నుంచీ వింటోంది. ఏరుకునేవాణ్ని ఇంత దగ్గర్నుంచి చూడటం ఇదే మొదలు.

"బయటికి నడు," అంది. "ఫోన్ ఇక్కడ పెట్టి నడు."

ఓనర్ వెళ్లాడు. సెంటు వాసన కాసేపు ఉండిపోయింది.

ఇల్లాలు అప్పటిదాకా కదల్లేదు. ఇప్పుడు తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది. కొడుతుందేమోనని లేడీ కానిస్టేబుల్ ఒక అడుగు ముందుకేసింది. ఆమె చెయ్యెత్తలేదు.

"నిన్న రెండింటికొచ్చావు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "అప్పటికి ఆయన పోయారని నీకు తెలుసు."

"అక్కా..."

"పెట్టె ఇక్కడ పెట్టి వంటింట్లోకొచ్చావు. అన్నం పెట్టక్కా అన్నావు. పెట్టాను. బావని కూడా లేపరా, కలిసి తింటారంటే, పడుకోనీలే అక్కా అన్నావు."

తమ్ముడు తల వంచుకున్నాడు.

"మారు అడిగావు," అంది అక్క. "నిన్న నువ్వు మారు వేయించుకుని తిన్నావురా."

హాల్లో పెట్టెలో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడొక్కటే.

సిగ్గో, భయమో తెలియదు, తమ్ముడి మాట గొణిగినట్టు వచ్చింది.

"పొద్దున్నుంచీ ఏం తినలేదక్కా. ఆకలేసింది."

ఇన్‌స్పెక్టర్ హంతకుల్ని చూసింది, దొంగల్ని చూసింది, కన్నబిడ్డల్ని అమ్ముకున్నవాళ్లనీ చూసింది. వాళ్లందరిలో ఒక్కడు కూడా ఆమెకి ఇంత రోత పుట్టించలేదు.

"తీసుకెళ్లండి వీణ్ని," అంది. బేడీలు తను వేయలేదు. ఆ చేతులు ముట్టుకోవాలనిపించలేదు. హెడ్ కానిస్టేబుల్‌కి ఇచ్చింది.

అతన్ని మెట్లు దింపుతుంటే 'అక్కా, అక్కా' అన్న కేక వీధంతా వినిపించింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఇల్లాలు గుమ్మం దాకా కూడా వెళ్లలేదు. కొంగు బొడ్లో దోపుకుని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"మేడమ్, పాపని స్కూల్లో వదిలింది వాడే. సాయంత్రం తనే వస్తానని చెప్పుంటాడు. దానికి మామయ్యంటే ప్రాణం." ఆగింది. "నేనిప్పుడే వెళ్లి తెచ్చుకోవచ్చా?"

"జీపు నేనే నడుపుతాను, రండి," అంది ఇన్‌స్పెక్టర్.